విశాఖ – హైదరాబాదు: 511 కిలోమీటర్లకు గంటా ఇరవై నిమిషాలు ఎందుకు? ఇంటి నుంచి ఇంటికి అసలు ఎంతసేపు?

కూకట్‌పల్లి_రవి
మా అమ్మ గాజువాకలో ఉంటుంది. వయసు 71. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. జులైలో ఇక్కడ హైదరాబాదులో ఆపరేషన్. నేనే వెళ్ళి తీసుకురావాలి. విమానమా, రైలా అని మూడు రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను.

దూరం ఎంతో చూద్దామని వెతికితే ఒకచోట 276 అని ఉంది, ఇంకోచోట 318, మరోచోట 511. మూడూ విశాఖ–హైదరాబాదు విమాన దూరమే అంటున్నాయి. సరే, పెద్ద అంకెనే తీసుకున్నాను. జెట్ విమానం గంటకు 830 కిలోమీటర్లు పోతుందంటారు. భాగిస్తే 37 నిమిషాలు వచ్చింది. టికెట్టు మీద మాత్రం గంటా ఇరవై నిమిషాలు వేశారు. మిగిలిన నలభై మూడు నిమిషాలు ఎక్కడికి పోయాయి? దానికి ముందూ వెనకా ఇంకెంత కలుపుకోవాలి? అందులో అమ్మ ఎంతసేపు నిలబడాలి, ఎంతసేపు నడవాలి? నాకు ముఖ్యంగా కావలసింది ఆ చివరి ప్రశ్నకు జవాబు.

లెక్కల_మాస్టారు
మీరు చూసిన మూడు అంకెలూ ఒకే దూరం. 276 నాటికల్ మైళ్ళు, 318 మామూలు మైళ్ళు, 511 కిలోమీటర్లు. నాటికల్ మైలుకు 1.852 కిలోమీటర్లు, గుణించి చూసుకోండి. కొలమానం పేరు రాయకుండా అంకె ఒక్కటే పెట్టేవాళ్ళ వల్ల వచ్చిన తిప్పలు ఇవి. బడిలో నా పిల్లలు ఇలా రాస్తే సగం మార్కులు కోసేవాణ్ణి.

ఇంకో మాట. 511 అంటే గ్లోబు మీద రెండు విమానాశ్రయాల మధ్య దారం బిగించి పట్టుకుంటే వచ్చే పొడవు. విమానం ఆ దారం వెంటే పోవాలని నియమం లేదు.

రైలుబండి
అమ్మగారిని రైల్లో తీసుకురండి. వందే భారత్ ఉండగా ఇంత ఆలోచన ఎందుకు? విశాఖలో ఎక్కితే సికింద్రాబాదులో దిగడమే. 699 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటలు. 2023 సంక్రాంతి రోజున మొదలైంది, అప్పటి నుంచి పదిసార్లు పైనే తిరిగాను. భద్రతా తనిఖీ వరుస లేదు, సామాను తూకం లేదు.

సీతమ్మధార_లక్ష్మి
రైలుబండి గారూ, అందులో ఉన్నవన్నీ కుర్చీలే. మోకాళ్ళు అరిగిన మనిషి ఎనిమిదిన్నర గంటలు కాళ్ళు మడిచి కూర్చోవడం ఎంత నరకమో మా అత్తగారిని చూసి తెలుసుకున్నాను. రాజమండ్రి దాటేసరికే ఆవిడ నడవాలో లేచి నిలబడ్డారు. విజయవాడ నుంచి ఖమ్మం దాకా నా భుజం పట్టుకుని నిలబడే ఉన్నారు. బండి మంచిదే, ఆ మోకాళ్ళకు పనికిరాదు.

రైలుబండి
ఆ సంగతి ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే రాత్రి బండి చూడండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బయలుదేరి తెల్లవారేసరికి చేరుస్తుంది. 1974 నుంచి నడుస్తున్న బండి. అమ్మగారు కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. నలభై అయిదేళ్ళు దాటిన ఆడవాళ్ళకు కింది బెర్తు కోటా ఉంది. పైగా దువ్వాడలో ఆగుతుంది, గాజువాక నుంచి విశాఖ స్టేషను దాకా పోనక్కర లేదు.

రన్‌వే_09
రవి గారి మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను. విమాన సంస్థలో పదిహేడేళ్ళు ఫ్లైట్ డిస్పాచ్, అంటే ప్రతి విమానానికీ దారి, సమయం లెక్కకట్టే విభాగంలో పని చేశాను. రోజూ రాత్రి నేను వేసిన లెక్కలే ఇవి.

టికెట్టు మీద ఉండే సమయం గాలిలో ఉండే సమయం కాదు. ఒక గేటు దగ్గర చక్రం కదిలినప్పటి నుంచి రెండో గేటు దగ్గర చక్రం ఆగేదాకా కొలుస్తారు. మేము దాన్ని బ్లాక్ టైమ్ అంటాం. అందులో ఏమేమి ఉంటాయో వరుసగా చూడండి.

విమానాన్ని వెనక్కి నెట్టి ఇంజన్లు అందుకునేదాకా ఐదారు నిమిషాలు. రన్‌వే మొదటి దాకా నేల మీద నడక. విశాఖలో అది తక్కువ, శంషాబాదులో పది పన్నెండు నిమిషాలు పట్టవచ్చు. ఇక గాల్లోకి లేచాక 830 వేగం వెంటనే రాదు. పది వేల అడుగుల లోపు 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదని నియమం. దిగేటప్పుడు కూడా అంతే. చివరి పది కిలోమీటర్లలో వేగం గంటకు 250 కిలోమీటర్ల దగ్గరకు పడిపోతుంది.

దిగడానికి మాకు ఒక కంటి లెక్క ఉంది. ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్ళు. ముప్ఫై వేల అడుగుల మీద ఉంటే తొంభై నాటికల్ మైళ్ళ ముందే, అంటే దాదాపు 165 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. వేగం తగ్గించుకోవడానికి ఇంకొంత. ఎక్కడానికి కూడా సుమారు అంతే దూరం కావాలి. 511లో ఈ రెండూ తీసేస్తే సమానమైన ఎత్తులో నిండు వేగంతో పోయేది నూరూ నూటయాభై కిలోమీటర్లు. పది నిమిషాలు. మీరు మొత్తం దూరాన్ని ఆ పది నిమిషాల వేగంతో భాగించారు. అందుకే 37 వచ్చింది.

లెక్కల_మాస్టారు
అద్భుతం. సగటు వేగం, గరిష్ఠ వేగం తేడా చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ముప్ఫై ఏళ్ళలో దొరకలేదు. 511 కిలోమీటర్లు, 80 నిమిషాలు. గేటు నుంచి గేటుకు సగటు గంటకు 383 కిలోమీటర్లే.

మధురవాడ_సురేష్
రన్‌వే_09 గారూ, మీరు ఒకటి వదిలేశారు. విమాన సంస్థలు ఆ సమయాన్ని కావాలనే పెంచి రాస్తాయి. నేను నెలకు రెండుసార్లు తిరుగుతాను. అరగంట ఆలస్యంగా బయలుదేరిన విమానం పది నిమిషాల ఆలస్యంతో చేరితే సమయానికి వచ్చామని ప్రకటించి చప్పట్లు కొట్టించుకున్నంత పని చేస్తారు. ఇది ప్రయాణికుణ్ణి మభ్యపెట్టడం కాదా?

రన్‌వే_09
పెంచి రాస్తారన్నది నిజం. దాచడం లేదు. పావుగంట లోపు చేరితే సమయానికి వచ్చినట్టే లెక్క, అది ఈ రంగం అంతటా ఉన్న కొలత. కాని మభ్యపెట్టడం అంటే ఒప్పుకోను. ఒకే విమానం పొద్దున్నుంచి రాత్రి దాకా ఐదారు ఊళ్ళు తిరుగుతుంది. పొద్దున్న మొదటి ఊళ్ళో పది నిమిషాలు జారితే రాత్రికి అది గంట అవుతుంది. ప్రతి అంచెలో కొంత వెసులుబాటు ఉంటేనే రాత్రి విమానం ఎక్కేవాళ్ళు ఇళ్ళకు చేరతారు. మీరు చెన్నైలో ఇంకో విమానం అందుకోవాలనుకోండి, ఆ పది నిమిషాల విలువ అప్పుడు తెలుస్తుంది.

మధురవాడ_సురేష్
వెసులుబాటు పెట్టుకోనివ్వండి. గాలిలో ఎంతసేపో, నేల మీద ఎంతసేపో టికెట్టు మీద విడివిడిగా రాయమనండి. రవి గారు మూడు రోజులు బుర్ర పాడుచేసుకునేవారు కాదు. ఇందులో మాత్రం నా మాట మార్చుకోను.

గోదావరి_గట్టు
మా రాజమండ్రి సంగతి వినండి. హైదరాబాదు నుంచి మాకు గాలి దూరం 360 కిలోమీటర్లే. విశాఖ కన్నా నూటయాభై తక్కువ. కాని చిన్న విమానం ఎక్కితే టికెట్టు మీద దాదాపు విశాఖకు వేసినంత సమయమే కనబడుతుంది. మొదట్లో నాకూ అర్థం కాలేదు. తరువాత తెలిసింది, అది రెక్కలకు పంకాలు ఉండే ఏటీఆర్. దాని వేగం గంటకు 500 దగ్గర. జెట్‌కు 830. దగ్గర ఊరికి నెమ్మది బండి, దూరం ఊరికి వేగం బండి, చివరకు రెండూ ఒకటే.

ఇంకో సంగతి, విశాఖ విమానం దారం లెక్కన పోతే పాపికొండల దగ్గర గోదావరిని దాటాలి. మబ్బు లేని రోజున కొండల మధ్య నది వంకర తిరిగినచోట కనబడుతుంది. భద్రాచలం ఆ దారానికి కొంచెం ఉత్తరాన ఉంటుంది. హైదరాబాదు వస్తున్నప్పుడు కుడివైపు కిటికీ తీసుకుంటే చూసే అవకాశం ఎక్కువ. అమ్మగారికి రాముడి ఊరు చూపించండి.

సీతమ్మధార_లక్ష్మి
మోకాళ్ళ మనిషికి కిటికీ వద్దండీ. నడవా పక్క సీటు ఇవ్వండి. కాలు కాస్త చాపుకోవచ్చు, లేవడం సులువు. అత్యవసర ద్వారం పక్కన కాళ్ళకు చోటు ఎక్కువ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సాయం అవసరమైన వాళ్ళను అక్కడ కూర్చోనివ్వరు. మేము డబ్బు కట్టి తీసుకుని, లోపలికి వెళ్ళాక మారవలసి వచ్చింది.

రైలుబండి
గోదావరి_గట్టు గారు చెప్పిన దాంట్లోనే రైలు దూరం రహస్యం కూడా ఉంది. గాలిలో 511, పట్టాల మీద 699. ఎందుకంటే నేరుగా రావాలంటే పాపికొండలు, అడవి, గోదావరి అన్నీ అడ్డం. అందుకే పట్టాలు తీరం వెంట దక్షిణానికి దిగి, విజయవాడలో కృష్ణ ఒడ్డుకు వచ్చి, మళ్ళీ ఖమ్మం, వరంగల్ మీదుగా పైకి ఎక్కుతాయి. రోడ్డు కూడా విజయవాడ మీదుగానే, 620 పైచిలుకు. విమానం త్రిభుజానికి ఒక భుజం వెంట పోతుంది, మనం రెండు భుజాలు తిరుగుతాం.

లెక్కల_మాస్టారు
రైలుబండి గారూ, మిమ్మల్ని మా బడికి పిలవాలని ఉంది.

డాలస్_పద్మ
దూరానికీ సమయానికీ పొంతన ఉండదని మాలాంటి వాళ్ళకు బాగా తెలుసు. దుబాయి నుంచి డాలస్‌కు వచ్చేటప్పుడు పదహారు గంటలు. అదే దారిలో తిరిగి వెళ్ళేటప్పుడు పద్నాలుగున్నర. ఊళ్ళు జరగలేదు, విమానం మారలేదు. పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలి ఒకసారి ఎదురు, ఒకసారి వెన్నుదన్ను.

ఇంకా వింత, ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం. 2015 డిసెంబరులో మొదలైనప్పుడు అట్లాంటిక్ మీదుగా పోయేది, దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా మార్చారు. దూరం 15,300 అయింది. సమయం మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి, ముందు చేరింది! ఆ వార్త చదివినప్పుడు మా అబ్బాయికి గ్లోబు తెచ్చి చూపించాను.

సిక్కోలు_అప్పారావు
అమెరికా సంగతి సరే, 511 కిలోమీటర్లకు కూడా గాలి ప్రభావం ఉంటుందా?

రన్‌వే_09
ఉంటుంది, కాని నిమిషాల్లోనే. మన మీద గాలి కాలాన్ని బట్టి దిక్కు మార్చుకుంటుంది. చలికాలంలో పైన పడమటి గాలి. అప్పుడు హైదరాబాదు నుంచి విశాఖ వెళ్ళేవాళ్ళకు లాభం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పైన తూర్పు గాలి. అప్పుడు విశాఖ నుంచి హైదరాబాదు వచ్చేవాళ్ళకు లాభం. వానాకాలంలో దక్షిణ భారతం మీద ఇలా తూర్పు నుంచి జెట్ స్ట్రీమ్ గాలి వీస్తుందని 1950లలో ప్రపంచానికి చూపించినవారిలో ముఖ్యుడు పి. కోటేశ్వరం గారు, మన తెలుగువాడు, తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. నాకు చార్టులు నేర్పిన పెద్దాయన ఆ పేరు చెప్పేటప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చునేవారు.

నేల మీది గాలి కూడా చూసుకోవాలి. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. వానాకాలంలో శంషాబాదులో కింద పడమటి గాలి, కాబట్టి తూర్పు నుంచి వచ్చిన విశాఖ విమానం నేరుగా వచ్చి దిగవచ్చు. చలికాలంలో తూర్పు గాలి ఉంటే అదే విమానం ఊరు దాటి పడమటికి పోయి తిరిగి రావాలి. ఆ చుట్టుకే ఏడెనిమిది నిమిషాలు. రవి గారు జులైలో వస్తున్నారు, పైన వెన్నుగాలి, కింద నేరుగా దిగడం, రెండూ కలిసొస్తాయి. ఉరుముల మబ్బు అడ్డం రాకపోతే.

గాజువాక_నాయుడు
విశాఖలో దిగేటప్పుడు కూడా ఆ చుట్టు ఉంది. నేను వచ్చిన విమానాలు చాలాసార్లు ఊరు దాటి సముద్రం మీదికి పోయి, వెనక్కి తిరిగి, ఓడరేవు పక్కగా వచ్చి దిగాయి. మా ఇంటి డాబా కనబడుతుంది, దిగడానికి మాత్రం ఇంకా పది నిమిషాలు పడుతుంది. చుట్టూ కొండలు, పైగా అది నావికాదళం వాళ్ళ స్థావరం, ఐ.ఎన్.ఎస్. డేగా. వాళ్ళ విమానాలకు దారి ఇచ్చాకే మనకు.

అయినా గాజువాక వాళ్ళకు ఆ విమానాశ్రయం ఎంత దగ్గరండీ. ఆటోలో పోవచ్చు. రేపు అంతా భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారితే నేను ఊరంతా దాటి, ఇంకా నలభై అయిదు కిలోమీటర్లు పోవాలి. గాలిలో ఒక్క నిమిషం తగ్గదు, నేల మీద గంటన్నర పెరుగుతుంది. ఇది ప్రగతి అంటే నాకు మింగుడు పడదు.

సిక్కోలు_అప్పారావు
నాయుడు గారూ, మీకు దూరమైతే మాకు దగ్గరవుతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయానికి రావాలంటే మేము మధురవాడ దగ్గర నుంచి ఊరంతా ఈదుకుంటూ రావాలి. పొద్దున్న ఆరు గంటల విమానానికి రాత్రి రెండింటికి లేచి బయలుదేరిన రోజులు నాకు గుర్తున్నాయి. విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు గల్ఫ్‌కు పోతారు, సైన్యంలో ఉంటారు, బెంగళూరులో చదువుకుంటారు. మా సమయానికి కూడా విలువ ఉంది. భోగాపురం రన్‌వే 3.8 కిలోమీటర్లు, పెద్ద విమానాలు దిగవచ్చు. నావికాదళం అనుమతి కోసం ఎదురుచూపులు ఉండవు.

గాజువాక_నాయుడు
మీకు రావద్దని అనడం లేదు అప్పారావు గారూ. మా ఊళ్ళోది తీసేయవద్దని అంటున్నాను.

సిక్కోలు_అప్పారావు
అది న్యాయమైన మాట.

మధురవాడ_సురేష్
హైదరాబాదు వాళ్ళు ఈ బాధ 2008లోనే పడ్డారు. అప్పటిదాకా బేగంపేటలో దిగేవాళ్ళం. సికింద్రాబాదు స్టేషనుకు పది నిమిషాల దూరం. మార్చిలో శంషాబాదు తెరిచారు, బేగంపేట మూసేశారు. గాలిలో దూరం దాదాపు అంతే, మా అన్నయ్య ఇంటికి చేరే సమయం మాత్రం గంట పెరిగింది. మరుసటి ఏడు మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక కొంత ఊపిరి ఆడింది. భోగాపురానికి కూడా అలాంటి దారి ముందే వేస్తే నాయుడు గారి కోపం సగం తగ్గుతుంది.

కూకట్‌పల్లి_రవి
ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. రన్‌వే_09 గారూ, నలభై మూడు నిమిషాలూ దొరికాయి. లక్ష్మి గారి మాటతో వందే భారత్ పక్కన పెట్టాను. ఇప్పుడు రాత్రి రైలా, విమానమా అన్నదే మిగిలింది. మాస్టారూ, ఇంటి నుంచి ఇంటికి ఒకసారి లెక్క వేసి పెడతారా?

లెక్కల_మాస్టారు
వేస్తాను. గాజువాక నుంచి విమానాశ్రయం 25 నిమిషాలు. సామాను కౌంటరు గంట ముందు మూసేస్తారు, అమ్మగారికి చక్రాల కుర్చీ కావాలి కాబట్టి గంటా నలభై అయిదు నిమిషాలు ముందుండండి. విమానం 80. దిగి, సామాను తీసుకుని, బయటికి వచ్చేసరికి 40. శంషాబాదు నుంచి ఔటర్ రింగు రోడ్డు మీద గచ్చిబౌలి దాకా వచ్చి కూకట్‌పల్లి చేరడానికి 70. మొత్తం 320 నిమిషాలు. ఐదు గంటల ఇరవై నిమిషాలు.

రైలుకు: దువ్వాడ స్టేషనుకు అరగంట, అక్కడ ఎదురుచూపు అరగంట, బండిలో పన్నెండున్నర గంటలు, సికింద్రాబాదు నుంచి ఇంటికి ముప్పావు గంట. పద్నాలుగుంబావు గంటలు. కాని అందులో ఏడెనిమిది గంటలు నిద్ర.

మీరు అడిగిన 37 నిమిషాలు ఈ 320లో ఎక్కడ ఉన్నాయో చూడండి. ఎనిమిదో వంతు కూడా లేవు.

రైలుబండి
నిద్ర సమయాన్ని ప్రయాణంలో కలపడం అన్యాయం మాస్టారూ. ఇంట్లో ఉన్నా నిద్రపోతారు కదా. అది తీసేస్తే రైలు ఆరేడు గంటలే.

సీతమ్మధార_లక్ష్మి
కదిలే బండిలో డెబ్భై ఒక్క ఏళ్ళ ఆవిడ ఏడు గంటలు నిద్రపోతుందా? రాత్రి రెండుసార్లు బాత్రూముకు లేవాలి. ఊగే బండిలో, తడి నేల మీద, అరిగిన మోకాళ్ళతో. స్టేషనులో మెట్ల వంతెన. బండి ఎక్కడానికి మూడు నిటారు మెట్లు. గంటల లెక్క పక్కన పెట్టి ఆ మెట్లు లెక్కపెట్టండి.

రైలుబండి
మెట్ల విషయంలో మీరు గెలిచారు. రైలంటే ప్రాణం పెట్టే నేనే చెబుతున్నాను, ఈసారికి విమానమే మంచిది. అమ్మగారికి మోకాళ్ళు బాగయ్యాక గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తీసుకురండి.

వంటింటి_కిటికీ
అందరూ నిమిషాలు లెక్కపెడుతున్నారు, ఎవరూ ఆవకాయ మాట ఎత్తరేమిటి? జులై అంటే కొత్త ఆవకాయ ఊరి ఉంటుంది. అమ్మ ఉత్త చేతులతో కొడుకు ఇంటికి రాదు. చేతి సంచిలో పెట్టనివ్వకండి, తనిఖీ దగ్గర ఆపేస్తారు. మా ఇంటి జాడీ అలాగే పోయింది. కౌంటరులో ఇచ్చే సంచిలో, నూనె కారకుండా మూత మీద కవరు కట్టి, బట్టల మధ్య పెట్టండి. పదిహేను కిలోల్లో రెండు కిలోలు ఆవకాయకు ముందే కేటాయించండి.

గోదావరి_గట్టు
ఇంత ఉపయోగపడే మాట ఈ చర్చలో ఇంకొకటి రాలేదు.

డాలస్_పద్మ
రవి గారూ, చక్రాల కుర్చీ విషయం. టికెట్టు కొన్నప్పుడే అడగండి, కనీసం 48 గంటల ముందు చెప్పడం మంచిది. మా అమ్మ మొదట్లో ససేమిరా అంది, నాకేమయిందని కుర్చీ అని అలిగింది. కుర్చీ ఎక్కితే వరుసలో నిలబడక్కర లేదని, తనను ముందు పంపుతారని చెప్పాక ఒప్పుకుంది. ఇంకా, విమానం టెర్మినల్‌కు కలిపే వంతెన దగ్గర ఆగకపోతే మెట్లు దిగి బస్సు ఎక్కాలి. మెట్లు దిగలేరని కుర్చీ అడిగేటప్పుడే చెబితే లిఫ్టు ఉన్న బండి పంపుతారు. ఏటీఆర్‌కు కాకుండా పెద్ద విమానానికి టికెట్టు తీసుకుంటే వంతెన దొరికే అవకాశం ఎక్కువ.

రన్‌వే_09
పద్మ గారు చెప్పిన చివరి మాట బంగారం. ఇంకొకటి. పొద్దున్న పది, పదకొండు గంటల మధ్య విమానం చూడండి. జులైలో ఉరుముల మబ్బులు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక లేస్తాయి. పొద్దున్న విమానానికి ఆలస్యాలు పేరుకుపోవు కూడా. మరీ తెల్లవారుజామున వద్దు, అమ్మగారికి నిద్ర పాడవుతుంది.

కూకట్‌పల్లి_రవి
11:05 విమానానికి తీసుకున్నాను. జెట్ విమానమే. కుర్చీ చెప్పాను. నడవా పక్క సీటు. ఆవకాయ సంగతి అమ్మకు ఫోనులో చెబితే నవ్వి, మాగాయ కూడా కలిపి మూడు కిలోలు అంది.

వంటింటి_కిటికీ
చూశారా!

కూకట్‌పల్లి_రవి
వచ్చి నాలుగు రోజులయింది. ఇంత సాయం చేసిన మీకు లెక్క అప్పజెప్పడం నా బాధ్యత. దారి పొడవునా గడియారం చూసి రాసుకున్నాను.

గాజువాకలో ఇల్లు వదిలింది 8:50. విమానాశ్రయం గుమ్మం 9:15. కుర్చీతో సిబ్బంది వచ్చేసరికి పది నిమిషాలు, ఆ తరువాత ఎక్కడా వరుస లేదు. తనిఖీ గదిలో లేచి నిలబడమన్నారు, రెండు నిమిషాలు. విమానం ఎక్కింది అందరికన్నా ముందు, 10:25కు. చక్రం కదిలింది 11:02. నేల వదిలింది 11:11. శంషాబాదులో నేల తాకింది 12:06. గాలిలో యాభై అయిదు నిమిషాలు. గేటు దగ్గర ఆగింది 12:15. టికెట్టు మీద 12:25 అని ఉంది. సురేష్ గారూ, ఆ పది నిమిషాలు మీవి.

రన్‌వే_09 గారు చెప్పినట్టు నేరుగా వచ్చి దిగింది, చుట్టు తిరగలేదు. అందరూ దిగాక కుర్చీ వచ్చింది. సామాను 12:45కు దొరికింది. కారు 12:55. కూకట్‌పల్లిలో లిఫ్టు ఎక్కింది 2:05. మొత్తం ఐదుంబావు గంటలు. మాస్టారి లెక్కకు ఐదు నిమిషాలు తక్కువ.

నేను మొదట అడిగిన ప్రశ్నకు జవాబు: అమ్మ నిలబడింది మొత్తం ఏడెనిమిది నిమిషాలు. నడిచింది విమానం లోపల ఆ నాలుగు వరుసలు, మా ఇంటి గుమ్మం.

పక్క సీటు అమ్మాయి అడక్కుండానే అమ్మను కిటికీ వైపు వంగి చూడనిచ్చింది. పాపికొండల దగ్గర మబ్బు పట్టి ఉంది, గోదావరి కనబడలేదు. ఆ సంగతి అమ్మ నాలుగు రోజులుగా చెబుతూనే ఉంది.

గోదావరి_గట్టు
జులైలో అంతేనండీ. శీతాకాలంలో ఇంకోసారి పిలవండి, నది నీలంగా ఉంటుంది.

సీతమ్మధార_లక్ష్మి
ఏడెనిమిది నిమిషాలే నిలబడిందన్న మాట చదివి నాకు కడుపు నిండింది. ఆపరేషన్ ఎప్పుడు?

కూకట్‌పల్లి_రవి
వచ్చే సోమవారం. ముందు ఒక మోకాలు. తిరుగు ప్రయాణం గురించి డాక్టరు ఆరేడు వారాల తరువాత చూసి చెబుతానన్నారు. లోపల లోహం ఉంటుంది కాబట్టి విమానాశ్రయంలో యంత్రం మోగుతుందని, తన చీటీ దగ్గర పెట్టుకోమని కూడా చెప్పారు.

వంటింటి_కిటికీ
జాడీ?

కూకట్‌పల్లి_రవి
చుక్క కారలేదు. మాగాయ సగం అయిపోయింది.

రన్‌వే_09
ఆరేడు వారాలంటే సెప్టెంబరు మొదటి వారం. పైన తూర్పు గాలి ఇంకా ఉంటుంది, ఈసారి అమ్మగారికి అది ఎదురుగాలి. విశాఖలో సముద్రం మీది చుట్టు కూడా ఉండవచ్చు. గాలిలో ఒక గంటా ఐదు నిమిషాలు వేసుకోండి.